జెండా పండుగ: గోదావరి లంకల్లో ఏటా నన్ను అడిగే ప్రశ్నలు

ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. అయినా ఆగస్టు మొదలైతే చాలు, ఫోను ఊరుకోదు. గ్రామ సచివాలయంలో కొత్తగా చేరిన పిల్లలు, బదిలీ మీద వచ్చిన టీచర్లు, కువైట్ నుంచి సెలవుకి వచ్చి పిల్లలకి ఏదో పంచుదామనుకునేవాళ్లు, అందరూ చేస్తారు. ఉపన్యాసంలో ఏం చెప్పాలని అడిగేవాళ్లు తక్కువ. "మాస్టారూ, తాడు ఎన్ని గజాలు తెమ్మంటారండి?" అనేవాళ్లే ఎక్కువ. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి, ఇదిగో ఇలా రాసి పెడుతున్నాను.

బ్యానర్ మీద ఎన్నో స్వాతంత్ర్య దినోత్సవం అని రాయించాలి?

ఏటా ఫ్లెక్సీ షాపు దగ్గర జరిగే గొడవ ఇదే. 1947 ఆగస్టు 15నే మొదటిదిగా లెక్కేసుకోండి. నడుస్తున్న సంవత్సరంలోంచి 1946 తీసేస్తే సరిపోతుంది. 2025లో జరిగింది 79వది, 2026లోది 80వది. "వార్షికోత్సవం" అని రాస్తే మాత్రం ఒకటి తగ్గించాలి. 75 ఏళ్లు నిండింది 2022లో, కానీ ఆ రోజు జరిగింది 76వ దినోత్సవం. ఆ ఏడు మా మండలంలో రెండు రకాల బ్యానర్లూ కట్టారు. రెండూ తప్పు కాదు, కింద రాసిన మాటే తేడా.

ఆగస్టు 15నే ఎందుకు?

మౌంట్‌బాటన్ ఎంచుకున్న తేదీ అది. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ లొంగిపోయిన రోజుకి సరిగ్గా రెండేళ్లు. అంతకుముందు మనవాళ్లు స్వాతంత్ర్య దినంగా జరుపుకున్నది జనవరి 26. పూర్ణ స్వరాజ్యం కావాలని కాంగ్రెస్ తీర్మానం చేశాక, 1930 నుంచి ఏటా ఆ రోజున జెండాలు ఎగరేశారు, లాఠీదెబ్బలు తిన్నారు. ఆ తేదీ మరుగున పడకూడదనే తర్వాత రాజ్యాంగాన్ని 1950 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చారు.

జెండా ఎగరెయ్యడం, ఆవిష్కరించడం ఒకటేనా?

కాదు. ఆగస్టు 15న జెండా కర్ర కింద ఉంటుంది, తాడు లాగి పైకి ఎక్కిస్తారు. అది ఆరోహణం. పరాయి జెండా దిగి మన జెండా ఎక్కిన రోజు కనుక అలా. ఎర్రకోట మీద ప్రధానమంత్రి చేసేది అదే. జనవరి 26న జెండా ముందే పైన మడిచి కట్టి ఉంటుంది, ముడి విప్పుతారంతే. అది ఆవిష్కరణ, ఢిల్లీలో రాష్ట్రపతి చేస్తారు.

మన ఊళ్లలో రెండు రోజులూ పైనే కట్టి ముడి విప్పుతారు. పూలు రాలకపోతే జనానికి తృప్తి ఉండదు మరి. ఆహ్వానపత్రికలో కూడా రెంటికీ "పతాకావిష్కరణ" అనే వేస్తారు. దానికి నేనెప్పుడూ తగువు పెట్టుకోలేదు. కాకపోతే ఒక్కమాట: ఆగస్టు 15న కింద నుంచి పైకి లాగే పద్ధతి పెట్టుకుంటే ముడి బాధ సగం తప్పుతుంది.

ఆ ముడి ఎలా వెయ్యాలి? ప్రతిసారీ బిగుసుకుపోతోంది.

ఇది జాగ్రత్తగా చదవండి.

ముందు జెండాకి పై ఏది, కింద ఏది చూసుకోండి. కాషాయం వైపు కొస పైతాడుకి, ఆకుపచ్చ వైపు కొస కిందితాడుకి. హడావిడిలో తలకిందులుగా కట్టేవాళ్లు ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట ఉంటారు, మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. కట్టగానే ఒకసారి పైకి లాగి, విప్పి, దింపి చూసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. ఈ పని ముందు రోజు సాయంత్రం చెయ్యాలి, పొద్దున్న ఏడింటికి కాదు.

తర్వాత జెండాని అడ్డంగా మడిచి, పొడవునా చాపలా చుట్టండి. కిందితాడుని ఆ చుట్ట చుట్టూ రెండుసార్లు తిప్పండి. మూడో చుట్టు కింద నుంచి తాడు మధ్యభాగాన్ని లూపులాగా దూర్చండి. ఇక్కడే అందరూ పొరపాటు చేస్తారు, లూపు బదులు తాడు కొస దూర్చేస్తారు. కొస దూరిస్తే అది పీటముడి, ఎంత లాగితే అంత బిగుస్తుంది. లూపు దూరిస్తే జారుముడి, ఒక్క గుంజుతో విడిపోతుంది. లంగా బొందు, పడవ కట్టుతాడు, ఇవన్నీ రోజూ చూసేవాళ్లం, ఈ ముడి మనకి కొత్తేమీ కాదు.

తాడు సంగతి. నూలుతాడు వాన తగిలితే ఉబ్బిపోయి కప్పీలో ఇరుక్కుంటుంది. నైలాన్ తాడు ఇరుక్కోదు గానీ జారుముడి దానంతటదే జారిపోతుంది, ముఖ్య అతిథి రాకముందే జెండా విప్పుకుని కూర్చుంటుంది. నేను నైలాన్ తాడే వాడి, ముడి దగ్గర ఒక చుట్టు ఎక్కువ తిప్పేవాణ్ణి. ఇక కప్పీకి జులైలోనే కాస్త గ్రీజు రాయించండి. మన ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పట్టేస్తుంది. తాడు పొడవు అడిగారు కదా, కర్ర ఎత్తుకి రెండింతలు, పైన ఇంకో రెండు గజాలు.

నాకు జరిగిన అవమానం కూడా చెబుతాను. నేను చేరిన కొత్తలో ముడి నేనే వేశాను, కొస దూర్చాను. వచ్చిన పెద్దమనిషి లాగారు, మళ్లీ లాగారు, చెప్పులు విడిచి మరీ లాగారు. జెండా పొట్లంలా పైన అలాగే ఉంది. పిల్లలు సెల్యూట్ చేసిన చేతులు దించలేరు, పాడడం మొదలెట్టలేరు. చివరికి గుంపులోంచి దింపు కార్మికుడు ఒకాయన ముందుకొచ్చాడు. రోజూ యాభై కొబ్బరిచెట్లు ఎక్కే మనిషికి ఇనప గొట్టం ఒక లెక్కా? లుంగీ ఎగ్గట్టి గబగబా పైకి పాకి, పళ్లతో ముడి విప్పి, పూలన్నీ తన నెత్తిన రాలుతుంటే అక్కడే కర్ర పట్టుకుని ఉండిపోయాడు. కింద జనగణమన మొదలైపోయింది, మరి కదలకూడదుగా. యాభై రెండు సెకన్లూ అలాగే వేలాడాడు. ఆ రోజు మైకులో ఆయన పేరు ఎవరూ చెప్పలేదు. మర్నాటి నుంచి నేను ఆయన దగ్గరే ముడి నేర్చుకున్నాను.

జెండాలో పూలు పెట్టొచ్చా?

పూలరేకులు పెట్టొచ్చు, జెండా నియమావళిలోనే ఆ వెసులుబాటు ఉంది. మరేవీ పెట్టకూడదు. మెరుపు కాగితాలు, చాక్లెట్లు పెట్టినవాళ్లని చూశాను, అవి వద్దు. ఆగస్టు అంటే శ్రావణం. వరలక్ష్మీ వ్రతం, జెండా పండుగ ఒకే వారంలో పడితే కడియపులంక మార్కెట్లో పూల ధర చుక్కలు చూపిస్తుంది. పెరట్లో నందివర్ధనం, మందారం ఉంటే చాలు, రేకులు తుంపి పొడిగా ఉంచండి. తడి రేకులు బట్టకి అంటుకుని రాలవు.

వాన వస్తే జెండా దించెయ్యాలా?

అక్కర్లేదు. వాతావరణం ఎలా ఉన్నా ఎగరొచ్చు. మన దగ్గర ఆగస్టులో వాన రాని పదిహేనో తారీఖు ఎన్నిసార్లు వచ్చింది గనక? చిరిగిపోయే గాలైతే మాత్రం దించి భద్రం చెయ్యండి, చిరిగిన జెండా ఎగరకూడదు. కాగితం జెండాల తోరణాలు ముందురాత్రి బయట కట్టకండి. పురికొసకి మైదా జిగురుతో పిల్లలు అంత కష్టపడి అతికించినవి తెల్లారేసరికి రంగు కారిపోయి, మూడు రంగులూ కలిసిన ముద్దలా వేలాడతాయి.

వరద వస్తే?

ఈ ప్రశ్న మెట్ట ప్రాంతం వాళ్లు అడగరు, లంకల వాళ్లే, అంటే నది మధ్య దిబ్బల మీద ఊళ్లవాళ్లే అడుగుతారు. ఎర్ర గోదావరి, అంటే మట్టి కలిసిన వరద నీరు వచ్చేది సరిగ్గా ఈ రోజుల్లోనే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. రెండో హెచ్చరిక ఎగిరిందంటే లంక బడుల్లో జెండా పండుగ పుస్తకంలో రాసినట్టు జరగదు.

1986 సంగతి మా తరం మర్చిపోలేదు. ఆ ఏడు ఆగస్టు 16న ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులకి పైగా వచ్చింది, లెక్కలు కట్టడం మొదలయ్యాక అంత వరద మళ్లీ చూడలేదు. అంటే పదిహేనో తారీఖు నాటికి మేం బళ్లో లేము, ఏటిగట్టు మీద ఉన్నాం. గొడ్లు, గోనెసంచులు, పందిరిమంచాలు, ముసలివాళ్లు అందరూ అదే గట్టు మీద. బీరువాలోని జెండా మాత్రం హెడ్మాస్టరుగారు లుంగీలో చుట్టి నెత్తిన పెట్టుకుని తెచ్చారు. కర్ర లేదు. ఒక పడవవాడు తన గెడ ఇచ్చాడు. దాన్ని గట్టులో పాతి, కొబ్బరి పీచుతాడుతో కట్టాం. మైకు లేదు, ఉపన్యాసం లేదు, పంచడానికి బిళ్ళలు కూడా లేవు. పాట అయిపోగానే ఆ పడవవాడు గెడ ఇమ్మన్నాడు. చెట్టు మీద ఇంకా మనుషులున్నారట. జెండా విప్పి గెడ ఇచ్చేశాం. అది నిలబడింది పదినిమిషాలు కూడా కాదు.

కనుక జవాబు ఇది. గట్టు మీదైనా, పునరావాస కేంద్రంలోనైనా, శుభ్రమైన చోట నిటారుగా నిలబెడితే చాలు. పిల్లల్ని పడవెక్కించి బడికి రమ్మని మాత్రం అనకండి. వరద రోజుల్లో జెండా కోసం రేవు దాటాల్సిన పని లేదు.

ఎవరు ఎగరెయ్యాలి?

పంచాయతీ ఆఫీసు దగ్గర సర్పంచి. పాలకవర్గం లేని సమయంలో ప్రత్యేకాధికారి. బడిలో మామూలుగా ప్రధానోపాధ్యాయులు. జిల్లా కేంద్రంలో మంత్రి లేదా కలెక్టరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కోనసీమ వాళ్లకి పరేడ్ చూడాలంటే కాకినాడ దాకా వెళ్లే పని తప్పి అమలాపురానికి వచ్చింది, పశ్చిమ గోదావరికి భీమవరం అయింది. రాష్ట్రంలో ముఖ్యమంత్రి. ముఖ్యమంత్రులకి ఈ హక్కు వచ్చింది 1974లో, అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి కరుణానిధి అడిగాక. అంతకుముందు గవర్నర్లే ఎగరేసేవారు.

సర్పంచి ఆడమనిషైతే ఆవిడే ఎగరెయ్యాలి. వాళ్లాయన కాదు. ఇది కూడా రాయాల్సి వస్తోంది, ఏం చేస్తాం. తాడు ఆవిడ చేతికిచ్చి, వెనక నుంచి ఆయన లాగే ఫోటోలు నేను చూశాను.

ఇప్పుడు ఒక్కో ఊళ్లో నాలుగైదు జెండా కర్రలు: పంచాయతీ, సచివాలయం, బడి, సొసైటీ, రైతుల కేంద్రం. అందరూ ఎనిమిదింటికే పెట్టుకుంటే పెద్దమనుషులు పరుగులు పెట్టాలి, పిల్లలు ఎండలో నిలబడాలి. పావుగంట తేడాతో పెట్టుకోండి. మొదట బడి. చిన్నపిల్లలు ఖాళీ కడుపుతో వస్తారు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

చాలాకాలం పంచాయతీలకి ఇచ్చింది వింటే నవ్వొస్తుంది. చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్దదానికి 250. దశాబ్దాల తరబడి అదే రేటు. వందతో తాడు కూడా రాదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం దీన్ని మార్చింది. ఐదు వేల జనాభా లోపు పంచాయతీలకి 10,000, ఆపైన వాటికి 25,000. ఆ డబ్బుతో పిల్లలకి పోటీలు, బహుమతులు పెట్టమన్నారు. ఫ్లెక్సీలకి పోసెయ్యకండి.

పిల్లలకి ఏం పంచాలి?

మా చిన్నప్పుడు నారింజ బిళ్ళలు రెండు. ఒకటి అక్కడే చప్పరించి, రెండోది చెల్లెలికని జేబులో వేసుకునేవాళ్లం, ఇంటికెళ్లేసరికి నిక్కరుకి అంటుకుపోయేది. తర్వాత బూందీ పొట్లాలు వచ్చాయి. ఇప్పుడు దాతల పుణ్యమా అని కొన్నిచోట్ల తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు కూడా పంచుతున్నారు. పూతరేకులు మాత్రం వద్దని నా సలహా. వందమంది పిల్లలు, గాలి, ఆ పొడి... ఊడ్చేవాళ్ల గురించి ఆలోచించండి. పులిహోర అన్నిటికన్నా నయం.

జనగణమనలో గంగ, యమున ఉన్నాయి. మన గోదావరి ఎందుకు లేదు?

నాలుగో తరగతి పిల్లాడు అడిగాడు, నిజంగానే ఉక్రోషంతో. కృష్ణా లేదు, కావేరీ లేదు, నర్మదా లేదురా అన్నాను. "వాటికి వరద రాదేమో" అన్నాడు.

ఠాగూరు రాసినప్పుడు దక్షిణాది మొత్తాన్ని ద్రావిడ అన్న ఒక్క మాటలో సర్దేశారు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడారు. 1950 జనవరి 24న జాతీయ గీతమైంది. గోదావరి లేకపోయినా తెలుగు నేలతో దానికి చుట్టరికం ఉంది. 1919లో ఠాగూరు మదనపల్లె వచ్చినప్పుడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు, అక్కడే సంగీతం తెలిసిన ఐరిష్ ఆవిడ మార్గరెట్ కజిన్స్ చేత దానికి స్వరం రాయించారు. పూర్తి గీతానికి 52 సెకన్లు. టేపు పెట్టి వినిపించడం కన్నా పిల్లల చేత పాడించడమే బాగుంటుంది, శ్రుతి తప్పినా సరే.

జెండా తయారుచేసింది మనవాడేనా?

పింగళి వెంకయ్య. మన జిల్లా కాదు, పక్కనే కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సభలు జరిగినప్పుడు గాంధీగారికి నమూనా ఇచ్చారు. అప్పుడు అందులో రాట్నం ఉండేది. చక్రంతో ఇప్పుడున్న జెండాని రాజ్యాంగ సభ ఒప్పుకున్నది 1947 జులై 22న. పొడవు మూడు పాళ్లు, వెడల్పు రెండు పాళ్లు, చక్రానికి 24 ఆకులు. ముగ్గుల పోటీలో ఆకులు లెక్కపెట్టే మార్కులు వెయ్యండి. ఇరవై రెండో ఇరవై ఆరో వేసేసి ఊరుకుంటారు.

తెల్లవాళ్లని తరిమేశాం అంటారు. మరి కాటన్ దొర విగ్రహానికి దండ ఎందుకు వేస్తాం?

ఇంత మంచి ప్రశ్న నన్ను ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు, ఏడో తరగతి అమ్మాయి అడిగింది. జెండా వందనం అయ్యాక ఊరేగింపు వెళ్లేది ఆయన విగ్రహం ముందు నుంచే.

ఆనకట్టకి ముందు ఇదే డెల్టా ఒక ఏడు ముంపు, ఒక ఏడు కరువు. 1830ల కరువుల్లో ఊళ్లకి ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం పని మొదలెట్టి 1852కి పూర్తిచేశాడు. కాలువలొచ్చాయి, సార్వాకి, అంటే వానాకాలం వరికి నీళ్లొచ్చాయి. ఈ రోజు మనం తినే మెతుకు ఆ నీళ్లదే. అందుకే సంకల్పంలో ఆయన పేరు చెప్పుకుని స్నానం చేసే పురోహితులుండేవారని మా తాతగారు చెప్పేవారు.

అయితే కంపెనీవాళ్లు డబ్బు ఇచ్చింది మనమీద జాలితో కాదు. నీళ్లొస్తే పంట, పంటొస్తే శిస్తు. కాటన్ పైవాళ్లని ఒప్పించింది కూడా ఆ లాభం లెక్కలు చూపించే. పనిచేసిన మనిషి వేరు, పాలించిన కంపెనీ వేరు. దండ మనిషికి వేస్తాం. పాత ఆనకట్ట పాడయ్యాక స్వతంత్ర భారతదేశం 1982లో కొత్త బ్యారేజీ పూర్తిచేసుకుని దానికీ కాటన్ పేరే పెట్టింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఇదంతా చెప్పాక ఆ అమ్మాయి "అయితే కట్టిన కూలీల పేర్లు ఎక్కడున్నాయి మాస్టారూ?" అంది. ఆ ఏడు ఉపన్యాసం నేను అక్కడితో ఆపేశాను.

ఉపన్యాసంలో చెప్పడానికి మన వైపు స్వాతంత్ర్య యోధులెవరు?

గాంధీ, నెహ్రూ, బోసు, భగత్‌సింగు. ఏటా ఈ నలుగురితో ముగించేస్తారు. వాళ్లని వద్దని కాదు, కాని రాజమండ్రి పేరు వింటే పిల్లలు తలెత్తుతారు, అది నేను చూసిన సంగతి.

1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. వాటిని తెలుగులో చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. దేశాన్ని పాడి ఆవుతో, తెల్లవాళ్లని దూడ మూతికి చిక్కం కట్టి పాలు పిండుకునే గొల్లవాళ్లతో పోల్చి అక్కడే ఒక పద్యం చెప్పారు. ఆ వేడిలో వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న ట్రైనింగ్ కాలేజీ విద్యార్థుల్ని బయటికి పంపేశారు, వాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. బ్యాడ్జీ పెట్టుకున్నందుకు చదువు పోవడం, ఇది పదో తరగతి పిల్లలకి వెంటనే ఎక్కుతుంది.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ సభలు. ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల అమ్మాయి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది. ఆవిడే రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, తర్వాత రాజ్యాంగ సభ సభ్యురాలు. ఆడపిల్లల చేత ఈ సన్నివేశం నాటికగా వేయించండి, నెహ్రూ వేషం కోసం మగపిల్లలు కొట్టుకుంటారు. ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మగారిని కూడా మర్చిపోకండి. ఊరూరా తిరిగి మాట్లాడి జైలుకెళ్లిన తొలితరం ఆంధ్ర మహిళల్లో ఆవిడొకరు.

అల్లూరి సీతారామరాజు వేషం ఎలాగూ ఉంటుంది. ఆయన కుటుంబానిది భీమవరం దగ్గర మోగల్లు. 1922లో మన్యంలో తిరుగుబాటు మొదలెట్టి 1924 మే 7న కాల్పుల్లో పోయారు, అప్పటికి ఆయనకి ఇరవై ఏడు కూడా నిండలేదు. భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం 2022లో పెట్టారు. వేషానికి గడ్డం జిగురుతో అతికించకండి, పిల్లల మొహం మండిపోతుంది. కాటుక చాలు.

యానాంలో జెండా పండుగలు వేరుగా ఉంటాయట?

గౌతమి పాయ దాటితే చాలు, దేశం చరిత్ర ఇంకోలా ఉంటుంది. 1947 ఆగస్టు 15న ఎదుర్లంకలో, ఇంజరంలో మన జెండా ఎగిరింది. యానాంలో ఎగరలేదు, అక్కడ ఫ్రెంచి జెండా. అదే భాష, అదే పులస చేప, అవే పెళ్లి సంబంధాలు, కానీ దేశం వేరు. వాళ్లు అప్పట్లో పండుగ చేసుకున్నది జులై 14న, ఫ్రెంచివాళ్ల జాతీయ దినం.

1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన కూలింది, దాన్ని నడిపినవాళ్లలో ముందున్నది అక్కడే పుట్టిన దడాల రఫేల్ రమణయ్య. అదే ఏడు నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేతో కలిపి పాలన భారతదేశం చేతికొచ్చింది. కాగితాల మీద బదిలీ పూర్తయింది మాత్రం 1962 ఆగస్టు 16న. కనుక యానాంలో ఆగస్టు 15 చేస్తారు, మర్నాడు 16న ఇంకోసారి జెండా ఎగరేస్తారు, నవంబరు 1న విమోచన దినం. మా ఊరి పిల్లలకి ఇది తెలిసిన రోజున యానాం బడికి మార్చేయమని గోల. సెలవులు ఎక్కువని.

ఎగువన కూడా అంతే. నైజాం ఇలాకాలో గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకి 1948 సెప్టెంబరు 17 దాకా ఆగాల్సి వచ్చింది. ఒకే నది ఒడ్డున స్వాతంత్ర్యం మూడు వేరువేరు సంవత్సరాల్లో వచ్చింది.

ఢిల్లీలో ఏం జరుగుతుంది?

టీవీలో చూస్తారు కదా. ముందురోజు సాయంత్రం రాష్ట్రపతి ప్రసంగం, పొద్దున్న ఏడున్నరకి ఎర్రకోట మీద ప్రధాని జెండా, 21 తుపాకుల వందనం, ప్రసంగం. 2025లో ఆ ప్రసంగం 103 నిమిషాలు నడిచింది. ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు: 1947లో నెహ్రూ ఎర్రకోట మీద జెండా ఎగరేసింది పదిహేనున కాదు, పదహారున. శకటాలు, విదేశీ అతిథి, అవన్నీ జనవరి 26వి.

ఇంటి మీద, బండి మీద పెట్టుకోవచ్చా?

ఇంటి మీద నిక్షేపంగా. 2002 జనవరి 26న కొత్త జెండా నియమావళి వచ్చే వరకు మామూలు జనానికి కోరుకున్న రోజున ఎగరేసే అవకాశం లేదు. 2004లో సుప్రీంకోర్టు దాన్ని ప్రాథమిక హక్కు అంది. 2021 చివర్లో పాలిస్టరు, మిషను మీద నేసినవీ ఒప్పుకున్నారు, 2022 జులై నుంచి ఇంటి మీద రాత్రి కూడా ఉంచొచ్చు. అదే ఏడు ఇంటింటా జెండా కార్యక్రమం మొదలైంది.

నేలకి తగలకూడదు, దాని మీద ఏమీ రాయకూడదు, దానికన్నా ఎత్తున మరో జెండా ఉండకూడదు. గోడకి నిలువుగా కడితే చూసేవాళ్లకి కాషాయం ఎడమవైపు రావాలి. కారు బానెట్ మీద పరవకూడదు. ప్లాస్టిక్ జెండాలు అసలు కొనొద్దు, సాయంత్రానికి అవన్నీ పంట కాలువలోకే చేరతాయి.

పాతబడిన జెండా ఏం చెయ్యాలి?

చెత్తలో వెయ్యకూడదు, దుమ్ము తుడిచే గుడ్డ చెయ్యకూడదు. నలుగురి కళ్ల ముందు కాకుండా, ఒక పక్కన, మర్యాదగా పూర్తిగా కాల్చెయ్యాలి.

వైన్ షాపులుంటాయా?

ఉండవు. పద్నాలుగు రాత్రి అక్కడ జనాన్ని చూస్తే మీకే తెలుస్తుంది.

కూలీలకి సెలవేనా?

కాగితం మీద జాతీయ సెలవు. కానీ సార్వా నాట్లు ఆలస్యమైన ఏడు పదిహేను కూడా నాటే రోజే. ఊడ్పుకి వెళ్లే ఆడవాళ్లు ఆరున్నరకే బడి ముందు నుంచి పోతారు, జెండా ఎక్కే వేళకి మోకాలు లోతు దమ్ములో ఉంటారు. మైకు మాత్రం పొలం దాకా వినిపిస్తుంది. ఒకసారి గీతం మొదలవగానే వరుసగా నడుములెత్తి, చేతుల్లో నారుకట్టలతోనే నిలబడిపోయారు. నేను బడి అరుగు మీద నుంచి చూశాను. అయిపోగానే మళ్లీ వంగారు. మైకు అటువైపు తిప్పి కట్టండి.

గ్రామసభ కూడా ఆ రోజేనా?

చాలా ఊళ్లలో ఆ రోజే పెడతారు. ఉపన్యాసాలయ్యాక పులిహోర, పులిహోరయ్యాక సభ. పులిహోరకి మూడొందల మంది, సభకి పదహారు మంది. రివర్సు చెయ్యమని నేను ఎన్నిసార్లు చెప్పానో. తాగునీటి పైపు, శ్మశానం దారి, కాలువ పూడిక, ఇవి అడగాల్సింది అక్కడే. అడిగి, మినిట్స్ పుస్తకంలో రాయించి, ఆ తర్వాత సంతకం పెట్టండి. ఖాళీ పేజీ కింద పెట్టకండి.

సాయంత్రం జెండా ఎవరు దింపాలి?

పొద్దున్న ఎగరెయ్యడానికి పదిమంది పోటీ, సాయంత్రం దింపడానికి ఒక్కడూ ఉండడు. పంచాయతీలో, బడిలో సూర్యాస్తమయానికి దింపేసే పద్ధతే మంచిది, రాత్రి చూసుకునే మనిషి ఉండడు కనుక. ఎక్కించేటప్పుడు చురుగ్గా, దించేటప్పుడు నెమ్మదిగా. ఇద్దరు కావాలి. అడ్డంగా పట్టుకుని, కాషాయం, ఆకుపచ్చ పట్టీలు తెలుపు కిందకి మడవండి. రెండు పక్కల నుంచి తెలుపుని మధ్యకి తెచ్చి మడిస్తే చక్రం పైకి వస్తుంది. రెండు అరచేతుల మీద పెట్టి లోపలికి తీసుకెళ్లండి. తడిసి ఉంటే ముందు నీడన ఆరబెట్టండి, లేకపోతే జనవరికి బూజు.

బీరువాలో పెట్టి తాళం ఎవరి దగ్గరుందో గోడ మీద రాయండి. ఒక ఏడు జనవరి ఇరవయ్యారు పొద్దున్న మేం ఆ బీరువాని గునపంతో తెరిచాం.